ఓడ యంత్రముల విద్య: గ్రామ యువకులకు మార్గము

"అబ్బాయిని ఓడలో ఉద్యోగమునకు పంపించెదమని ఒకరు చెప్పుచున్నారు. ముందుగా కొన్ని లక్షలు కట్టవలెనట. పొలము అమ్మి కట్టవచ్చునా?" అని అడుగుటకు తండ్రులు పంచాయతీ సభ్యుల వద్దకు వచ్చుట నేడు అరుదు కాదు. సముద్రమునకు నూరామడ దూరమున నున్న గ్రామములలో గూడ ఈ ప్రశ్న వినవచ్చుచున్నది. సభ్యుడు చెప్పు సమాధానమును బట్టి ఒక కుటుంబము బాగుపడుటయో, అప్పులపాలగుటయో జరుగును. కావున ఈ వృత్తి యెట్టిది, అందు ప్రవేశించు మార్గమెట్టిది అను విషయములను ఇచ్చట వివరింపదలచితిమి. మొదటనే ఒక మాట చెప్పవలసియున్నది. ఈ వృత్తి గౌరవప్రదమైనది. చక్కని ఆదాయము గలది. కాని దీనికి రాజమార్గమే గాని దొడ్డిదారి లేదు.

ఓడ కడుపులోని కర్మాగారము

మన దేశపు విదేశ వ్యాపారములో, సరకుల పరిమాణమును బట్టి చూచినచో, నూటికి 95 వంతులు ఓడల మీదనే జరుగుచున్నది. మనము వాడు ముడిచమురు, వంటనూనె అధికభాగము సముద్రము మీదనే వచ్చుచున్నవి. ఈ ఓడలను దారి చూపి నడుపువారు పైభాగమున నుండు కెప్టెను, అతని సహాయకులు. ఓడకు కదలిక నిచ్చు యంత్రములను నడుపువారు అడుగుభాగమున ఇంజను గదిలో నుండు ఇంజనీర్లు. రెండవవారి విద్యయే మెరైన్ ఇంజనీరింగు.

చేలలో నీరు తోడు ఆయిల్ ఇంజను మన రైతులకు చిరపరిచితము. ఓడ ప్రధాన యంత్రము గూడ ఆ జాతిదే. కాని పరిమాణములో సాటి లేదు. పొలములోని ఇంజను నిమిషమునకు 1,500 చుట్లు తిరుగుచుండగా, పెద్ద ఓడలోని ఇంజను నూరు చుట్ల ప్రాంతముననే తిరుగును. దాని ఇరుసు నేరుగా వెనుకనున్న ప్రొపెల్లరునకు కలుపబడి యుండును. 2006లో నీటిమీదికి వచ్చిన ఎమ్మా మెర్స్క్ అను ఓడలో 14 సిలిండర్ల ఇంజను కలదు. ఒక్కొక్క సిలిండరు వ్యాసము 96 సెంటీమీటర్లు. ఇంజను ఎత్తు పదమూడు మీటర్లకు పైగా, బరువు సుమారు 2,300 టన్నులు. శక్తి లక్ష అశ్వబలమునకు మించినది.

ఇంతటి ఇంజనును హ్యాండిలు త్రిప్పి నడిపింపలేము. గట్టిగా అదిమి నిలువచేసిన గాలిని సిలిండర్లలోనికి వదలి దానిని కదల్చుదురు. ఇందు మండు నూనె అనేక ఓడలలో తారువలె చిక్కనిది. దానిని నూరు డిగ్రీలకు మించి కాచి పలుచన చేసిన పిమ్మటనే ఇంజనులోనికి పంపుదురు. అంతకుముందు అందలి నీటిని, మడ్డిని వేరుచేయవలెను. పాలనుండి వెన్న తీయు యంత్రము గిరగిర తిరిగి తేలికదానిని, బరువుదానిని విడదీయునట్లే, ఓడలోని ప్యూరిఫైయరు నూనెను శుభ్రపరచును.

ఇంజను గదిలో ఇంకను అనేక యంత్రములు గలవు. విద్యుచ్ఛక్తి నిచ్చు జనరేటర్లు, ఆవిరి నిచ్చు బాయిలరు, చుక్కాని త్రిప్పు యంత్రము, ఆహారమును నిలువచేయు శీతల యంత్రము, పలువిధముల పంపులు అందున్నవి. ఉప్పునీటిని మంచినీటిగా మార్చు యంత్రము మిక్కిలి ఉపాయముతో గూడినది. పాత్రలోని గాలిని తీసివేసినచో నీరు తక్కువ వేడికే మరగును. కావున ఇంజనును చల్లార్చి వచ్చిన వేడినీటి వేడితోనే సముద్రజలమును మరగించి, ఆ ఆవిరిని చల్లబరచి మంచినీరు పొందుదురు.

ఈ పనిలో ఏమరుపాటునకు తావు లేదు. 2024 మార్చి 26వ తేదీన అమెరికాలోని బాల్టిమోరు రేవునుండి బయలుదేరిన డాలి అను ఓడలో విద్యుచ్ఛక్తి హఠాత్తుగా ఆగిపోయెను. ఓడ అదుపు తప్పి వంతెన స్తంభమును ఢీకొనగా వంతెన కూలి, దానిపై పనిచేయుచున్న ఆరుగురు మరణించిరి. ఒక సన్నని విద్యుత్ తీగ కొస సరిగా బిగియకుండుటయే శక్తి ఆగుటకు మూలమని అచ్చటి విచారణ సంస్థ 2025లో తేల్చినది. ఒక్క తీగను ఓపికతో పరీక్షించు గుణమే ఈ వృత్తికి మొదటి అర్హత యని దీనివలన గ్రహింపవలెను.

మన దేశమున ఈ విద్య పెరిగిన విధము

1927లో బొంబాయి రేవున డఫరిన్ అను శిక్షణ నౌక ఏర్పడినది. భారతీయ యువకులు నౌకాధికారులగుటకు అది తొలి సోపానము. స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట 1949లో ప్రభుత్వము కలకత్తా, బొంబాయి నగరములలో మెరైన్ ఇంజనీర్ల శిక్షణ సంస్థను నెలకొల్పినది. 2008లో భారత సముద్రయాన విశ్వవిద్యాలయము చెన్నై కేంద్రముగా ఏర్పడగా, ఇట్టి ప్రభుత్వ సంస్థలు అందు చేరినవి.

నౌకా నిర్మాణములో మన విశాఖపట్టణమునకు ప్రత్యేక స్థానము గలదు. స్వతంత్ర భారతమున నిర్మింపబడిన తొలి పెద్ద ఓడ జల ఉష 1948 మార్చి 14న జవహర్లాల్ నెహ్రూ చేతులమీదుగా ఇచ్చటనే జలప్రవేశము చేసినది. నేడు ఆ విశ్వవిద్యాలయపు శాఖ విశాఖలో గూడ కలదు. అయితే అందలి బి.టెక్. ఓడలను రూపొందించి నిర్మించు విద్యకు సంబంధించినది. ఓడ యంత్రములను నడుపు విద్య వేరు. ఈ భేదము తెలియక విద్యార్థులు తికమకపడరాదు.

ప్రవేశ మార్గములు నాలుగు

మొదటిది: ఇంటర్మీడియెటులో గణితము, భౌతికశాస్త్రము, రసాయనశాస్త్రము చదివినవారికి నాలుగేండ్ల బి.టెక్. మెరైన్ ఇంజనీరింగు. ఈ మూడు విషయములలో సగటున నూటికి 60 మార్కులు, ఇంగ్లీషులో 50 మార్కులు ఉండవలెను. విశ్వవిద్యాలయము జరుపు దేశవ్యాప్త ప్రవేశపరీక్షలో స్థానము పొందవలెను. అనుబంధ ప్రైవేటు కళాశాలలకు గూడ ఈ పరీక్షయే ఆధారము.

రెండవది: మెకానికల్ ఇంజనీరింగు పట్టభద్రులకు ఒక సంవత్సరపు శిక్షణ.

మూడవది: మెకానికల్ వంటి శాఖలలో పాలిటెక్నిక్ డిప్లొమా గలవారికి రెండేండ్ల శిక్షణ.

నాలుగవది: పదియవ తరగతి ఉత్తీర్ణులకు ఆరు నెలల జి.పి. రేటింగు శిక్షణ. ఇది అధికారి పదవికి గాక నావికుని పనికి సంబంధించినది. ఇంజను గదిలో ఇట్టివారు శుభ్రపరచుట, నూనె వేయుట, మరమ్మతులలో తోడ్పడుట మొదలగు పనులు చేయుదురు.

అన్నింటికిని వయఃపరిమితి, దేహదారుఢ్య పరీక్ష గలవు. ఇంజనీరు అభ్యర్థులు నిర్ణీత పరిమితికి లోబడి కండ్లద్దములు ధరింపవచ్చును. రంగులను గుర్తింపలేని దోషము మాత్రము ఉండరాదు. కావున ఫీజు కట్టుటకు ముందే, అధికారము పొందిన వైద్యునిచే పరీక్ష చేయించుకొనుట శ్రేయస్కరము. నియమములు మారుచుండును గనుక చేరు సంవత్సరపు ప్రకటననే ప్రమాణముగా తీసికొనవలెను.

ఈ విద్య బాలురకు మాత్రమే యనుకొనుట పొరపాటు. సోనాలీ బెనర్జీ అను యువతి 1999లో కలకత్తా సంస్థనుండి ఉత్తీర్ణురాలై మన దేశపు తొలి మహిళా మెరైన్ ఇంజనీరైనది.

చదువు ముగిసిన పిమ్మట

పట్టా చేతికి రాగానే ఇంజనీరు కాజాలడు. మొదట ఓడ మీద శిక్షణార్థిగా నిర్ణీతకాలము పనిచేయవలెను. పిమ్మట ప్రభుత్వము జరుపు వ్రాతపరీక్షలో, మౌఖికపరీక్షలో నెగ్గి నాల్గవ తరగతి యోగ్యతాపత్రము పొందినచో యంత్రములపై కావలి బాధ్యత వహించు జూనియర్ ఇంజనీరగును. మరికొంత సముద్రసేవ చేసి రెండవ తరగతి, మొదటి తరగతి పత్రములను పొందినవాడు సెకండ్ ఇంజనీరుగను, చీఫ్ ఇంజనీరుగను ఎదుగును. ఈ పత్రములు 1978నాటి అంతర్జాతీయ ఒడంబడిక ననుసరించి ఇవ్వబడునవి గనుక విదేశపు ఓడలలోను చెల్లును.

ఇచ్చట తల్లిదండ్రులు గమనింపవలసిన విషయ మొకటి కలదు. శిక్షణార్థికి ఓడలో చోటు దొరకుటయే అన్నింటికంటె కష్టము. పట్టా పుచ్చుకొని ఏండ్ల తరబడి వేచియున్నవారు గలరు. కావున కళాశాలలో చేరకముందే, చదువు ముగిసిన పిమ్మట ఓడ యెక్కించుకొందుమని నౌకా కంపెనీ వ్రాతమూలకముగా హామీ నిచ్చు ఏర్పాటు ఉన్నదా యని విచారింపవలెను. అట్టి హామీ లేకయే లక్షలు అప్పుచేయుట క్షేమకరము గాదు.

కష్టసుఖములు, హక్కులు

ఇంజను గదిలో వేడి హెచ్చు, చప్పుడు హెచ్చు. నెలల తరబడి ఇల్లు విడిచి యుండవలెను. పండుగలకు, శుభకార్యములకు రాలేకపోవుట మామూలు. ఉద్యోగము సాధారణముగా ఒప్పందకాలమునకే. ఇంటివద్ద నున్న నెలలలో అనేకులకు జీతముండదు. కావున నెలజీతము పెద్దదిగా కనబడినను సంవత్సరమునకు లెక్కవేసి చూడవలెను.

అట్లని ఓడలోని మనిషి దిక్కులేనివాడు గాడు. 2006నాటి నావికుల శ్రమ ఒడంబడికను మన దేశము 2015లో ఆమోదించినది. దాని ప్రకారము 24 గంటలలో కనీసము 10 గంటలు విశ్రాంతి నీయవలెను. జీతము నెలకొకసారి తప్పక చెల్లింపవలెను. ఒప్పందము ముగిసినప్పుడు యజమాని తన ఖర్చుతో ఇంటికి పంపవలెను. అన్నింటికంటె ముఖ్యమైనది, ఉద్యోగము చూపినందులకు నావికునివద్ద రుసుము తీసికొనుటను ఆ ఒడంబడిక నిషేధించుచున్నది.

మోసమును గుర్తించుట యెట్లు?

అనుమతి లేని ఏజెంటు సొమ్ము పుచ్చుకొని, నకిలీ పత్రములిచ్చి, సందర్శకుల వీసాతో యువకుని ఏదో రేవునకు పంపును. అచ్చట వానికి శిథిలమైన ఓడయు, అందని జీతమును మిగులును. ఒక్కొక్కప్పుడు యజమాని ఓడనే విడిచిపెట్టి పోవుటయు, తిండికి నీటికి కరవై యువకులు సముద్రము మీదనే చిక్కుకొనుటయు గలదు. సలహా చెప్పు సభ్యులు ఈ క్రింది విషయములను విచారింపవలెను.

1. శిక్షణ సంస్థకు డి.జి. షిప్పింగ్ అని వాడుకలో నున్న కేంద్రప్రభుత్వ నౌకాయాన కార్యాలయపు ఆమోదము కలదా? ఆమోదము పొందిన సంస్థల జాబితా ఆ కార్యాలయపు వెబ్‌సైటులో చూడవచ్చును.

2. ఉద్యోగము చూపు ఏజెంటుకు ఆర్.పి.ఎస్.ఎల్. అను లైసెన్సు కలదా? దాని సంఖ్య ఏమి? ఇంకను అమలులో నున్నదా? ఇదియు ఆ వెబ్‌సైటులోనే తేలును.

3. శిక్షణకు ఫీజు వేరు, ఉద్యోగమునకు లంచము వేరు. ఉద్యోగము పేర సొమ్ము అడుగుచున్నచో అది చట్టవిరుద్ధము.

4. ఓడ పేరు, యజమాని పేరు, జీతము, కాలపరిమితి వ్రాసిన ఒప్పందమును ప్రయాణమునకు ముందే చేతికిచ్చుచున్నారా? దాని నకలు ఇంటివద్ద నుంచవలెను.

5. నావికుని గుర్తింపు పుస్తకమైన సి.డి.సి. ప్రభుత్వమునుండియే పొందినదా? పరీక్ష లేకుండ విదేశపు పత్రములు తెప్పించెదమనువారిని నమ్మరాదు.

6. సొమ్ము నగదుగా, రసీదు లేకుండ అడుగుచున్నారా? అట్లయిన అచ్చటనే ఆగి పోలీసువారికి తెలుపవలెను.

పంచాయతీల కర్తవ్యము

ఈ విషయమున పంచాయతీకి పెద్ద వ్యయముతో పనిలేదు. పై ఆరు ప్రశ్నలను పంచాయతీ కార్యాలయపు గోడపై వ్రాయించవచ్చును. ప్రవేశపరీక్ష ప్రకటన వెలువడినప్పుడు దానిని ఉన్నత పాఠశాలకును గ్రంథాలయమునకును చేర్పవచ్చును. గణితమునందును ఇంగ్లీషునందును వెనుకబడిన విద్యార్థులకు సాయంకాలపు తరగతులు ఏర్పాటు చేయుడని ఉపాధ్యాయులను కోరవచ్చును. గ్రామమునుండి ఓడలలో పనిచేయువారెవరైన సెలవుమీద వచ్చినప్పుడు, వారిచే గ్రామసభలో ఉన్నదున్నట్లు చెప్పించిన మరియు మేలు.

ఆయిల్ ఇంజను ఆగిపోయినచో విప్పిచూచి, లోపము గ్రహించి, మరల నడుపగల బాలురు మన గ్రామములలో తక్కువ కాదు. వారి చేతినేర్పునకు శాస్త్రజ్ఞానము తోడైనచో ఎంతటి ఓడనైనను నడుపగలరు. ఆ మార్గము ఉన్నదని చెప్పుట, అందలి గుంటలను ముందుగా చూపుట గ్రామపెద్దల వంతు. పొలము అమ్మకముందే తండ్రి మీవద్దకు వచ్చునట్లు గ్రామమున ఈ విషయమును ప్రచారము చేయుడని పంచాయతీ సభ్యులను కోరుచున్నాము.