తాత్కాలిక దంతకిరీటములు, వంతెనలు: వాని మరమ్మతు

పంటిని అరగదీసిన పిదప దానికి తగిన శాశ్వతపు తొడుగు ప్రయోగశాలనుండి వచ్చువరకు దంతవైద్యుడు తాత్కాలికమైన తొడుగు నొకదానిని అతికించును. మనవారు దీనిని 'క్యాపు' అందురు. పోయిన పంటి చోటును నింపుటకై ఇరుప్రక్కల పండ్లపై నిలిపినది 'బ్రిడ్జి', అనగా వంతెన. విక్టోరియా ఆసుపత్రి ఆవరణమున 1958లో ప్రభుత్వ దంతవైద్య కళాశాల వెలసిన ఈ బెంగుళూరులో ఇట్టి చికిత్సలు క్రొత్తవి కావు. 'తాత్కాలిక' అను మాట కన్నడమునను తెలుగునను ఒక్కటియే గనుక మనకు వెంటనే తెలియును. కాని దానితోపాటు 'ఊడిన నేమి, నాలుగు దినముల ముచ్చటయే కదా' అను ఉదాసీనతయు కలుగును. అది సరికాదు.

తాత్కాలికపు తొడుగు చేయు పనులు మూడు. అరగదీసిన పంటిని వేడిచల్లనలనుండి కాపాడును. ప్రక్కపండ్లును ఎదుటిపన్నును జరుగకుండ నిలుపును. చిగురు అంచుమీదికి పెరుగకుండ ఆపును. ఈ వ్యాసకర్త పరీక్షపత్రములు దిద్దు తొందరలో, ఊడిన తొడుగును పదునైదు దినములు పెట్టెలోనే యుంచెను. శాశ్వతపు తొడుగు వచ్చుసరికి ప్రక్కపన్ను జరిగినందున అది కూర్చొనలేదు. అచ్చు మరల తీయవలసివచ్చెను.

మరమ్మతునకు ముందు కారణము నెరుగవలెను. తొడుగు చెక్కుచెదరక ఊడినచో పాత సిమెంటును తొలగించి మరల అతికించిన చాలును. అయితే రంగుకాగితమును కొరికించి, ఒకేచోట ఒత్తిడి పడుచున్నదేమో చూడవలెను. ఆ ఎత్తును తగ్గింపనిచో అది మరల ఊడును.

అంచు విరిగినచో, అది ఏ పదార్థముతో చేసినదో తెలియవలెను. పొడిని ద్రవముతో కలిపి చేయు యాక్రిలిక్ అయినచో, విరిగినచోటును గరుకుచేసి అదే ద్రవముతో తడిపిన పైపొర మెత్తబడి క్రొత్త ముద్దతో కలిసిపోవును. ఇది గట్టిపడునప్పుడు వేడి పుట్టును. కావున పూర్తిగా బిగియువరకు పంటిపై నుంచక, బయటికి తీసి గట్టిపడనీయవలెను. జంట గొట్టముల సిరంజినుండి వచ్చు బిస్-ఆక్రిల్ అయినచో ఆ ద్రవము అంతగా పనిచేయదు. దానిని గరుకుచేసి, బంధకద్రవము పూసి, పలుచని కాంపోజిట్‌ను నింపి నీలికాంతితో గట్టిపరచుట మేలు.

ఇందు లవంగమునకు సంబంధించిన విశేషమొకటి కలదు. పంటినొప్పికి మన పెద్దలు వాడిన లవంగనూనెలోని ముఖ్యపదార్థము యూజినాల్. జింక్ ఆక్సైడుతో కలిపిన యూజినాల్ తాత్కాలికపు సిమెంటుగ వాడుకలో నున్నది, పంటికి ఉపశమనమునిచ్చును. కాని రెజిన్ గట్టిపడుటకు అణువులు గొలుసువలె కూడవలసియుండగా, యూజినాల్ ఆ కూడికను అడ్డగించును. అందుచే పాత సిమెంటు అంటిన చోటును శుభ్రముగ గీకకయే అతుకు వేసినచో అది నిలువదు. మరమ్మతునకు పోవుముందు ఇంట లవంగనూనె పూయుటయు ఈ కారణముననే తగదు. శాశ్వతపు తొడుగును రెజిన్ సిమెంటుతో అతికింపదలచినచో యూజినాల్ లేని తాత్కాలిక సిమెంటునే వైద్యులు ఎన్నుకొందురు.

వంతెన సాధారణముగ పన్నును పన్నును కలుపు సంధియొద్ద విరుగును. దూలమునకు వర్తించు నియమమే దీనికిని వర్తించును: పొడవు రెట్టింపైనచో వంపు ఎనిమిది రెట్లగును, ఎత్తు రెట్టింపైనచో ఎనిమిదవ వంతగును. కావున విరిగిన ముఖములను అంటించుట మాత్రమే చాలదు. సంధికి అడ్డముగ గాడి తీసి, నార నుంచి, చిగురును శుభ్రపరచుకొను చోటు విడిచి సంధిని బలపరుపవలెను. మరల విరిగినచో క్రొత్తది చేయుటే మేలు.

రోగి చేయదగినది స్వల్పమే. ఊడిన తొడుగును, విరిగిన ముక్కలను కడిగి చిన్నపెట్టెలో భద్రపరచి, ఒకటి రెండు దినములలో వైద్యుని చూడవలెను. ఇంటిలోని జిగురుతో అతికింపరాదు. ఆ ప్రక్కన చిక్కీ వంటి జిగట పదార్థములు నమలరాదు. ఈ నాలుగు మాటలను తెలుగువారికి తెలుగులోనే చెప్పగలిగిన, శాశ్వతపు తొడుగు తన చోట కూర్చొనకపోవు సందర్భములు కొన్నియైనను తగ్గును.