అరచేతిలో అంగడి – అమానతు బాధ్యత

పాత నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల ప్రజలకు వారసంత కొత్త కాదు. సంతలో కొనేవాడు గుడ్డను రెండు వేళ్ల మధ్య నలిపి చూస్తాడు. వేరుశనగ గింజను నోట్లో వేసుకొని నములుతాడు. మేకను కొనేముందు దాని పళ్లు చూస్తాడు. ధర కుదిరిన తర్వాత కూడా సరుకును మరొకమారు తిరగేసి చూసి గానీ డబ్బు చెల్లించడు. అతని కన్ను, అతని చేయి, అతని నాలుకే అతనికి సాక్షులు.

నేడు అంగడి అరచేతిలోకి వచ్చింది. ఇంట్లో కుట్టిన బుర్ఖా, అమ్మీ చేతి మామిడి పచ్చడి, చేనేత చీర, అత్తరు సీసా – అన్నీ వాట్సాప్, ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌ల ద్వారా అమ్ముడవుతున్నాయి. అయితే ఇక్కడ కొనేవారు సరుకును తాకలేరు. అమ్మేవారు చూపినదే చూడాలి, చెప్పినదే నమ్మాలి. ఒక్కమాటలో చెప్పాలంటే, కొనేవారి కన్నూ చేయీ కూడా అమ్మేవారి వద్దనే అమానతుగా ఉన్నాయి. ఈ కొత్త అంగడిలో అడుగుపెట్టే ప్రతి ముస్లిం కుటుంబం ముందుగా గ్రహించవలసిన విషయం ఇదే. మిగిలిన నైపుణ్యాలన్నీ దీని తర్వాతనే.

మగ్గాల నేల చెప్పే పాఠం

ఈ విషయం అర్థం కావడానికి మన ప్రాంతపు చేనేతకు మించిన ఉదాహరణ లేదు. పాత నల్గొండ జిల్లాలోని భూదాన్ పోచంపల్లి ఇక్కత్ వస్త్రాలకు దేశంలోనే తొలి విడతలో భౌగోళిక గుర్తింపు లభించింది. అదే ప్రాంతంలోని పుట్టపాక తేలియా రుమాలుకు 2020లో ఆ గుర్తింపు దక్కింది. పాత మహబూబ్‌నగర్ జిల్లాలోని గద్వాల చీరలకూ, నారాయణపేట చీరలకూ ఆ గౌరవం ఉంది. తేలియా రుమాలుకు మరొక విశేషం కూడా ఉంది. నూనెలోనూ, ఆముదపు కాయల బూడిద నీటిలోనూ నూలును నానబెట్టి నేసే ఈ ఎరుపు, నలుపు, తెలుపు రంగుల చతురస్రపు వస్త్రం ఒకప్పుడు సముద్రం దాటి అరబ్బు దేశాలకు వెళ్లి, అక్కడివారి తలలకు నీడనిచ్చింది. ఫోను లేని కాలంలో కూడా తెలుగు నేత అంత దూరం ప్రయాణించింది. నాణ్యతపై నమ్మకమే దానిని అక్కడికి చేర్చింది.

2020లో కరోనా లాక్‌డౌన్ కారణంగా దుకాణాలు, ప్రదర్శనలు మూతపడినప్పుడు నేతన్నల ఇళ్లలో చీరలు పేరుకుపోయాయి. అప్పుడు అనేకులకు ఫోనే దారి చూపింది. మగ్గం మీది చీరను ఫోటో తీసి నేరుగా కొనేవారికి పంపడం అలవాటైంది. మధ్యవర్తి చేతికి పోయే సొమ్ములో కొంతైనా నేసినవారి ఇంట మిగిలే అవకాశం కలిగింది. కానీ అదే ఫోను మోసగాడికి కూడా దారి తెరిచింది. మరమగ్గం గుడ్డపై ఇక్కత్ డిజైనును అచ్చువేసి, అసలు పోచంపల్లి అని రాసి అమ్మేవారున్నారు. ఫోటోలో రెండూ ఒకేలా కనిపిస్తాయి!

అసలును గుర్తించే దారి లేకపోలేదు. ఇక్కత్‌లో నేతకు ముందే నూలుకు ముడులు కట్టి రంగులద్దుతారు. డిజైను దారంలోనే ఉంటుంది గనుక చీరకు రెండువైపులా దాదాపు ఒకేలా కనిపిస్తుంది. పువ్వు అంచులు కొద్దిగా చెదిరినట్లుంటాయి. అచ్చువేసిన గుడ్డకు వెనుకవైపు రంగు సాధారణంగా వెలిసినట్లుంటుంది. గద్వాల చీరలో ఒళ్లు నూలుది, అంచూ కొంగూ పట్టువి. ఆ రెండూ కలిసే చోటు దాని గుర్తు. కనుక నిజాయితీగల అమ్మకందారు చేయవలసిన పని చిన్నదే. చీరను తిరగేసి వెనుకవైపు కూడా ఫోటో తీయాలి. అంచు కలిసే చోటును దగ్గరగా చూపాలి. కొనేవారి చేయి చేయగలిగిన పనిని తన కెమెరాతో చేయించాలి. చేనేత కానిదానిని చేనేత కాదని చెప్పి అమ్మితే అందులో తప్పులేదు. పేరు మార్చి అమ్మితే కొనేవారితో పాటు, రోజుల తరబడి మగ్గంపై కూర్చున్న నేతన్నకు కూడా అన్యాయం జరుగుతుంది.

తడిసిన ధాన్యం ఎక్కడ పెట్టాలి?

ఒకసారి దైవప్రవక్త (స) బజారులో ధాన్యపు రాశి పక్కనుంచి వెళుతూ అందులో చేయి పెట్టారు. లోపల తేమ తగిలింది. కారణం అడిగితే వర్షానికి తడిసిందని అమ్మేవాడు బదులిచ్చాడు. అలాగైతే తడిసిన గింజలను ప్రజలకు కనబడేలా పైన ఎందుకు పెట్టలేదని ఆయన నిలదీశారు. మోసగించేవాడు తనవాడు కాడని హెచ్చరించారు. ముస్లిం గ్రంథంలోని ఈ సంఘటనను మనమందరం విన్నాము. ఫోను వ్యాపారానికి దీనిని అన్వయించుకుంటే ఎంత అర్థముందో చూడండి. చీరలోని చిన్న మరకను చూపే ఫోటో ఆల్బమ్‌లో చివర కాదు, మొదటే ఉండాలి. ఫిల్టర్లతో రంగు పెంచిన ఫోటో, పొడి ధాన్యం కింద దాచిన తడి ధాన్యంతో సమానం. పగటి వెలుతురులో తీసిన ఫోటో పంపి, అసలు రంగు కొద్దిగా తేడాగా ఉండవచ్చని ముందే చెప్పడం న్యాయం.

‘నజష్’ను కూడా ఇస్లాం నిషేధించింది. కొనే ఉద్దేశం లేనివాడు ధర పెంచడానికి బేరమాడి, ఇతరులను భ్రమలో పడవేయడమే నజష్. నేటి నకిలీ సమీక్షలు, డబ్బిచ్చి కొన్న ఫాలోయర్లు, బంధువుల చేత రాయించుకున్న పొగడ్తలు, పెట్టె నిండా సరుకుండగా ‘ఒక్కటే మిగిలింది’ అనే ప్రకటన – ఇవన్నీ నజష్‌కు సోదరులే. దేశపు చట్టం కూడా ఇప్పుడు ఈ వైపే వస్తోంది. తప్పుదోవ పట్టించే ప్రకటనలపై కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూన్‌లో మార్గదర్శకాలను జారీచేసింది. అదే సంవత్సరం నవంబరులో ఆన్‌లైన్ సమీక్షల కోసం ఐఎస్ 19000 అనే ప్రమాణం వెలువడింది. ప్రభుత్వం 2022లో గుర్తించిన చెడును మన షరీఅత్ పద్నాలుగు శతాబ్దాల క్రితమే గుర్తించింది.

చూడకుండా కొన్నవారి హక్కును కూడా మన ఫుఖహాలు మరువలేదు. హనఫీ ఫిఖ్‌లో ‘ఖియారె రూయత్’ అనే నియమం ఉంది. సరుకును చూడకుండా కొన్న వ్యక్తికి, చూసిన తర్వాత ఆ బేరాన్ని రద్దు చేసుకునే హక్కు ఉంటుందన్నది దాని సారాంశం. ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అని పేజీ నిండా రాసుకునే సోదరులు ఈ నియమాన్ని ఒకసారి ఆలోచించాలి. కొని పశ్చాత్తాపపడినవాని నుండి సరుకును తిరిగి తీసుకునేవారి పొరపాట్లను అల్లాహ్ క్షమిస్తాడన్న శుభవార్త కూడా హదీసులలో ఉంది.

ముందు సలాం, తర్వాత సరుకు

సామాజిక మాధ్యమాల ద్వారా బంధాలు ఎలా ఏర్పడతాయి? చాలామంది దొరికిన నంబర్లన్నిటినీ ఒక గ్రూపులో చేర్చి, తెల్లవారింది మొదలు ఫోటోలు కుమ్మరిస్తారు. ఇది ఇతరుల ఇంట్లోకి అనుమతి లేకుండా చొరబడటమే. ఇతరుల ఇళ్లలో ప్రవేశించే ముందు అనుమతి కోరి సలాం చేయాలని ఖుర్ఆన్ నూర్ సూరాలో ఆదేశించింది. మూడుసార్లు అనుమతి కోరినా జవాబు రాకపోతే తిరిగి వెళ్లిపోవాలని దైవప్రవక్త (స) బోధించారు. ఫోను కూడా మనిషి ఆంతరంగిక ఆవరణే. గ్రూపులో చేర్చే ముందు అడగండి. రెండుమూడుసార్లు సందేశం పంపినా జవాబు రాకపోతే మర్యాదగా వెనుదిరగండి.

వాట్సాప్‌లోని ఒక సాధారణ ఏర్పాటు ఈ మర్యాదనే నేర్పుతుంది. బ్రాడ్‌కాస్ట్ జాబితాలో 256 మంది వరకు చేర్చవచ్చు. కానీ మన నంబరును తమ ఫోనులో భద్రపరచుకున్నవారికే ఆ సందేశం చేరుతుంది. అంటే మనం వారి పేరు రాసుకుంటే చాలదు, వారు మన పేరు రాసుకోవాలి. వారు రాసుకునేది మన ఫోటోలను చూసి కాదు, మన ప్రవర్తనను చూసి.

దైవప్రవక్త (స) ప్రవక్తగా నియమితులు కాకముందే మక్కా ప్రజలు ఆయనను ‘అమీన్’ అని పిలిచేవారు. హజ్రత్ ఖదీజా (రజి) తన వ్యాపార సామగ్రిని ఆయనకు అప్పగించి సిరియా పంపినది ఆ పేరును చూసే. కనుక ప్రతిరోజూ ‘కొనండి, కొనండి’ అనడం కంటే ఉపయోగపడే మాట చెప్పడం మేలు. చీర అమ్మేవారు దానిని ఎలా ఉతకాలో చెప్పవచ్చు. పచ్చడి అమ్మేవారు అది ఎన్నాళ్లు నిల్వ ఉంటుందో, అందులో ఏ నూనె వాడారో చెప్పవచ్చు. ఆహారం అమ్మే ప్రతి ఒక్కరూ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నమోదు చేయించుకొని ఆ సంఖ్యను చూపాలి. కొన్నవారి ఇంట సుఖదుఃఖాలలో పలకరింపు ఉండాలి. అయితే ఆ పలకరింపు చివర ధరల పట్టిక అంటించకూడదు!

చేతిలో లేని సరుకు సంగతి

ఈ మధ్య మా విద్యార్థుల ఇళ్ల నుండి తరచుగా వచ్చే ప్రశ్న ఒకటుంది. “ఉస్తాద్, టోకు వ్యాపారి గ్రూపులోని ఫోటోలను ధర పెంచి నా స్టేటస్‌లో పెడతాను. ఎవరైనా డబ్బు పంపితే అప్పుడు కొని పంపుతాను. ఇది ధర్మసమ్మతమేనా?”

తన వద్ద లేని వస్తువును అమ్మరాదని దైవప్రవక్త (స) హజ్రత్ హకీమ్ బిన్ హిజామ్ (రజి)కు ఉపదేశించారు. కనుక ఫోటోను సొంత సరుకుగా చూపి అమ్మడం సరికాదు. అయితే ధర్మం దారులన్నీ మూసివేయలేదు. మూడు మార్గాలున్నాయి.

మొదటిది, ప్రతినిధిత్వం. ‘నేను ఫలానా వ్యాపారి తరఫున ఆర్డర్లు తీసుకుంటాను’ అని చెప్పి, ఆ వ్యాపారితో నిర్ణయించుకున్న కమీషను తీసుకోవడం.

రెండవది, ‘ఇస్తిస్నా’. అంటే చేయించి ఇచ్చే ఒప్పందం. మగ్గంపై చీర నేయించడం, కొలతలు తీసుకొని బుర్ఖా కుట్టించడం ఈ కోవలోకి వస్తాయి. రంగు, కొలత, దారం, ధర ముందే స్పష్టం కావాలి. ఇందులో కొంత సొమ్ము ముందుగా, కొంత తర్వాత తీసుకోవచ్చు.

మూడవది, ‘సలమ్’. ఇందులో పూర్తి ధర ముందే చెల్లించబడుతుంది. మదీనా ప్రజలు పండ్ల కోసం ఇలా ముందుగా చెల్లించేవారు. కొలత, తూకం, గడువు తెలిసి ఉండాలన్న షరతుతో దైవప్రవక్త (స) దానిని అనుమతించారు.

ఈ మూడింటిలో ఏది వర్తిస్తుందో సందేహం కలిగితే తెలిసిన ఆలిమ్‌ను అడగండి. సారాంశమొక్కటే: కొనేవారికి తాము ఎవరి వద్ద, ఏమి, ఎప్పటికి కొంటున్నామో తెలియాలి.

రాత, లెక్క, రక్షణ

ఖుర్ఆన్‌లోని అతి దీర్ఘమైన వాక్యం బఖరా సూరాలోని 282వది. గడువుతో కూడిన అప్పు లావాదేవీని రాసుకోవాలని అది ఆదేశిస్తుంది. నమాజు, ఉపవాసాల వంటి ఆరాధనల గ్రంథంలో అంతటి సుదీర్ఘ వాక్యం లెక్కల గురించి ఉండటం ఆలోచించదగిన విషయం. వాట్సాప్ సంభాషణ ఈ ఆదేశపాలనను సులభం చేసింది. ఫోనులో మాట్లాడిన తర్వాత ధర, రంగు, పొడవు, చేరే తేదీ, రవాణా ఖర్చు ఎవరిది అన్న అయిదు విషయాలను ఒక సందేశంగా రాసి, ‘సరే’ అనే జవాబు తీసుకోండి. సగం తగాదాలు అక్కడే ఆగిపోతాయి.

మోసగాళ్లు కొనేవారి రూపంలోనూ వస్తారు. ‘డబ్బు పంపుతున్నాను, పిన్ నొక్కండి’ అంటే వెంటనే అనుమానించాలి. యూపీఐలో పిన్ నొక్కేది డబ్బు చెల్లించడానికే గానీ స్వీకరించడానికి కాదు. చెల్లించినట్లు పంపిన స్క్రీన్‌షాట్‌ను కాక, బ్యాంకు ఖాతాలో చేరిన సొమ్మును చూసి సరుకు పంపండి. మోసపోతే సిగ్గుపడి దాచకుండా వెంటనే 1930 నంబరుకు ఫిర్యాదు చేయండి. ఎంత త్వరగా చేస్తే సొమ్మును ఆపగల అవకాశం అంత ఎక్కువ.

ఇల్లే దుకాణమైనప్పుడు

ఇంట్లో కూర్చొని వ్యాపారం చేయగలగడం మన సోదరీమణులకు గొప్ప సౌకర్యం. భర్త గల్ఫ్‌లోనో, హైదరాబాదులోనో కష్టపడుతున్న ఇళ్లలో, పెద్దదిక్కు కోల్పోయిన ఇళ్లలో ఈ చిన్న ఆదాయం పిల్లల ఫీజు అవుతుంది, అమ్మ మందుల సీసా అవుతుంది. స్త్రీ సంపాదన ఆమెదేనని అల్లాహ్ గ్రంథం స్పష్టం చేసింది. భర్త గానీ, అన్నదమ్ములు గానీ ఆ డబ్బును లాక్కోవడం జులుమే.

అయితే ఇల్లే దుకాణమైనప్పుడు దుకాణం మూసే వేళ కూడా ఉండాలి. వ్యాపారానికి వేరొక నంబరు పెట్టుకోవడం మంచిది. 2018లో వచ్చిన వాట్సాప్ బిజినెస్‌లో పనివేళలు ముందే ప్రకటించి, మిగిలిన సమయంలో జవాబు దానంతటదే వెళ్లే ఏర్పాటు ఉంది. నమాజు వేళ, అన్నం వేళ, పిల్లల చదువు వేళ ఆ ఏర్పాటుకే అప్పగించండి. ఫోటోలో సరుకు కనిపిస్తే చాలు, ఇంటి ఆంతర్యం కనిపించనవసరం లేదు. కొన్నవారి ఫోటోను, వారి సంభాషణను అనుమతి లేకుండా పెట్టకండి. సరుకు కొన్న ఇల్లు తన గుట్టును మనకు అమ్మలేదు. పోటీదారు సరుకును ఎగతాళి చేయడం కూడా హుజురాత్ సూరా నిషేధించిన పరిహాసమే.

అమ్మేవారు, కొనేవారు సత్యం పలికి లోపాలను వెల్లడిస్తే వారి బేరంలో శుభం కలుగుతుందనీ, దాచి అబద్ధమాడితే ఆ శుభం తుడిచిపెట్టుకుపోతుందనీ హదీసు బోధిస్తోంది. లైకుల లెక్క ఫోను చూపుతుంది, శుభం లెక్కను చూపదు. అది మళ్లీ తలుపు తట్టే పాత కొనుగోలుదారులో, ప్రశాంతంగా పట్టే నిద్రలో, పిల్లలు తినే హలాల్ ముద్దలో కనిపిస్తుంది.

అల్లాహ్ మన సంపాదనలో శుభాన్నీ, మన మాటలో సత్యాన్నీ ప్రసాదించుగాక! ఆమీన్.