‘రియల్‌టైమ్’ పెడితే కంప్యూటర్ పరుగెడుతుందా?

గేమ్ ఆగి ఆగి నడుస్తుంటే, వీడియో ఎడిటింగ్ మొరాయిస్తుంటే చాలామంది ఒక చిట్కా ప్రయోగిస్తారు. టాస్క్ మేనేజర్ తెరిచి, ‘డీటెయిల్స్’లో ఆ ప్రోగ్రామ్ మీద రైట్‌క్లిక్ చేసి, ‘సెట్ ప్రయారిటీ’లో ‘హై’ అనో ‘రియల్‌టైమ్’ అనో పెట్టేస్తారు. ఒక్కోసారి ఆ తర్వాత మౌస్ కూడా కదలదు. ఈ చిట్కా చుట్టూ అల్లుకున్న అపోహలు తక్కువేమీ కాదు.

అపోహ: ప్రయారిటీ పెంచితే ప్రోగ్రామ్ వేగం పెరుగుతుంది.

వాస్తవం: ప్రాసెసర్ వేగం ఎంతో అంతే. ఒకే కోర్ కోసం రెండు మూడు పనులు కాచుకుని ఉన్నప్పుడు ముందు ఎవరి వంతు అన్నదే ప్రయారిటీ తేలుస్తుంది. పోటీ లేనప్పుడు దానికి పనే లేదు. లినక్స్‌లో ‘నైస్’ విలువ -20 నుంచి 19 దాకా ఉంటుంది; అంకె పెరిగేకొద్దీ ప్రాధాన్యం తగ్గుతుంది. నైస్ 0 ఉన్న పనికి, వంతులు పంచే షెడ్యూలర్ ఇచ్చే బరువు 1024, నైస్ 19కి 15 మాత్రమే. రెండూ ఒకే కోర్ మీద తలపడితే మొదటిదానికి 98 శాతానికి పైగా సమయం దక్కుతుంది, రెండోదానికి ఒకటిన్నర శాతం కూడా రాదు. మొదటిది కీబోర్డ్ నుంచి అక్షరం కోసం ఎదురుచూస్తూ ఆగిందంటే మాత్రం కోర్ మొత్తం రెండోదానిదే. అందుకే గంటలకొద్దీ సాగే వీడియో కన్వర్షన్‌ను నైస్ 19లో నడిపితే, ఎవరూ వాడని వేళ అది తన మామూలు వేగంతోనే సాగిపోతుంది. వేళ్లు కీబోర్డ్ మీద పడగానే పక్కకు తప్పుకుంటుంది. ముందున్న పనిని పైకి నెట్టడం కన్నా వెనకున్న బరువైన పనిని కిందికి దించడమే మేలైన దారి.

అపోహ: ‘రియల్‌టైమ్’ అంటే అన్నింటికన్నా మంచి స్థాయి.

వాస్తవం: విండోస్‌లో ప్రాధాన్య స్థాయిలు 0 నుంచి 31 వరకు. ‘నార్మల్’ అంటే 8, ‘హై’ అంటే 13, ‘రియల్‌టైమ్’ అంటే 24. దాదాపు నాలుగు సెకన్లుగా వంతు రాని థ్రెడ్ (ప్రోగ్రామ్‌లో విడిగా నడిచే పని) కనిపిస్తే, విండోస్ దాన్ని తాత్కాలికంగా 15కు లేపి కాసేపు నడవనిస్తుంది. కోర్లన్నింటినీ ఆక్రమించిన థ్రెడ్లు 24లో కూర్చుంటే ఈ సాయం వాటిని దాటలేదు. రియల్‌టైమ్ ప్రాసెస్ ఎక్కువసేపు నడిస్తే మౌస్ స్పందించకపోవచ్చని, డిస్కుకు చేరాల్సిన సమాచారం చేరకపోవచ్చని మైక్రోసాఫ్టే తన డాక్యుమెంటేషన్‌లో హెచ్చరించింది.

అపోహ: ప్రాధాన్యం ఎక్కువున్న పనికి అడ్డే ఉండదు.

దీనికి జవాబు అంగారకుడి మీద దొరికింది. 1997 జులై 4న అక్కడ దిగిన నాసా మార్స్ పాత్‌ఫైండర్ కొద్దిరోజులకే తనంతట తాను రీసెట్ అవడం మొదలుపెట్టింది. వాతావరణ సమాచారం సేకరించే పనికి అందులో తక్కువ ప్రాధాన్యం. సమాచారాన్ని అటూఇటూ చేరవేసే ‘బస్’ అనే మార్గాన్ని చూసుకునే పనికి ఎక్కువ ప్రాధాన్యం. రెండింటికీ ఒకే ‘తాళం’ (ఒకసారికి ఒక్క పనే పట్టుకోగల అనుమతి) కావాలి. చిన్న పని తాళం పట్టుకుని ఉండగా మధ్యస్థాయి పనులు వచ్చి దాన్ని పక్కకు నెట్టేవి. తాళం విడుదలయ్యేది కాదు, పెద్ద పని నిలిచిపోయేది. అది గడువులోగా పూర్తి కాలేదని గమనించి కాపలా యంత్రాంగం కంప్యూటర్‌నే రీసెట్ చేసేది.

జెట్ ప్రొపల్షన్ లేబొరేటరీ ఇంజినీర్లు భూమి మీదున్న నమూనాలో ఇదే లోపాన్ని మళ్లీ పుట్టించి చూశారు. తాళం పట్టుకున్న చిన్న పనికి, దానికోసం ఆగిన పెద్ద పని ప్రాధాన్యాన్ని తాత్కాలికంగా అరువివ్వడమే మందు. లుయి షా, రగునాథన్ రాజ్‌కుమార్, జాన్ లెహోజ్కీ 1990లోనే ఈ పద్ధతి మీద పరిశోధన పత్రం ప్రచురించారు. పాత్‌ఫైండర్ వాడిన వీఎక్స్‌వర్క్స్ సిస్టమ్‌లో ఆ సదుపాయం ఉంది, కానీ ఆ తాళానికి ఆన్ చేయలేదు. భూమి నుంచే ఆన్ చేశారు, రీసెట్లు ఆగాయి.

అపోహ: సిస్టమ్ హ్యాంగ్ అయిందంటే తప్పు ప్రాసెసర్‌దే.

వాస్తవం: విండో పాలిపోయి ‘నాట్ రెస్పాండింగ్’ అని కనిపిస్తే, ఆ ప్రోగ్రామ్ ఐదు సెకన్లుగా మౌస్, కీబోర్డ్ సందేశాలను అందుకోలేదని అర్థం. తరచూ అది డిస్కు కోసమో నెట్‌వర్క్ కోసమో ఎదురుచూస్తుంటుంది. రైల్వే గేటు పడ్డాక సైరన్ ఉన్న బండైనా ఆగాల్సిందే; ఇక్కడ ప్రయారిటీ పరిస్థితీ అంతే. ర్యామ్ చాలక సమాచారం పాత హార్డ్‌డిస్కుకూ ర్యామ్‌కూ మధ్య తిరుగుతుంటే షెడ్యూలర్ చేయగలిగింది దాదాపు శూన్యం.

‘సిస్టమ్ ఐడిల్ ప్రాసెస్’ 95 శాతం సీపీయూ తినేస్తోందని కంగారుపడేవాళ్లూ ఉన్నారు. ప్రాసెసర్ ఖాళీగా ఉన్న సమయాన్నే విండోస్ ఆ పేరుతో చూపిస్తుంది.

ఈసారి కంప్యూటర్ నెమ్మదిస్తే టాస్క్ మేనేజర్‌లో ముందు మెమరీ, డిస్క్ వరుసలు చూడండి. అవి బాగానే ఉండి సీపీయూ నిండిపోయి ఉంటే, దాన్ని నింపుతున్న ప్రోగ్రామ్‌ను ‘బిలో నార్మల్’కు దించండి. ‘రియల్‌టైమ్’ జోలికి వెళ్లకండి. ఒకవేళ ఇప్పటికే పెట్టేసినా భయం లేదు: ఆ ప్రోగ్రామ్‌ను పూర్తిగా మూసి మళ్లీ తెరిస్తే పాత స్థాయికే వచ్చేస్తుంది.