కాగితాలు దాచే చోటు: క్లౌడ్ స్టోరేజిని ఎంచుకోవడం ఎలా?



హోసూరులో ఉన్నా, బళ్ళారిలో ఉన్నా, బరంపురంలో ఉన్నా, చంద్రపూర్‌లో ఉన్నా, యానాంలో ఉన్నా మన ఇళ్ళలో ఒక కాగితాల పెట్టె ఉంటుంది. అందులో పొలం దస్తావేజులు, పిల్లల మార్కుల పట్టీలు, ధ్రువపత్రాలు, పెద్దలు రాసిన ఉత్తరాలు ఉంటాయి. సరిహద్దు జిల్లాల వాళ్ళకి ఈ పెట్టె మరీ విలువైనది. పొలం కాగితం ఒక రాష్ట్రానిది కావచ్చు, చదువు కాగితం మరో రాష్ట్రానిది కావచ్చు. ఒకటి పోతే రెండు చోట్ల ఆఫీసుల చుట్టూ తిరగాలి.

ఇప్పుడు ఈ కాగితాలను ఫోనులో ఫోటోలుగా తీసుకుని, క్లౌడ్‌లో దాచుకుంటున్నాం. క్లౌడ్ అంటే మేఘం. పేరుకే మేఘం గాని, ఆకాశంలో ఏమీ ఉండదు. మన ఫైలు ఇంటర్నెట్ ద్వారా వెళ్ళి ఏదో ఒక కంపెనీ వారి కంప్యూటర్లలో చేరుతుంది. అంటే మన పెట్టెను ఇంకొకరింట్లో ఉంచుతున్నామన్నమాట. ఎవరింట్లో ఉంచాలి, ఏమేమి అడిగి ఉంచాలి అన్నదే ఈనాటి ప్రసంగ విషయం.

చాలామంది ముందుగా చూసేది ఎంత చోటు ఉచితంగా ఇస్తారని. గూగుల్ వారు సాధారణంగా 15 గిగాబైట్లు ఇస్తారు. మైక్రోసాఫ్ట్ వన్‌డ్రైవ్, ఆపిల్ ఐక్లౌడ్ 5 చొప్పున, డ్రాప్‌బాక్స్ 2 ఇస్తాయి. గూగుల్ ఇచ్చే 15లో జీమెయిల్, ఫోటోలు, డ్రైవ్ మూడూ సర్దుకోవాలి. ఒకప్పుడు ఫోటోలకు లెక్క ఉండేది కాదు. 2021 జూన్ 1 నుంచి అవీ లెక్కలోకి వచ్చాయి. ఆండ్రాయిడ్ ఫోన్లలో వాట్సాప్ బ్యాకప్ కూడా 2024 నుంచి ఇందులోకే వస్తోంది. చోటు నిండిపోతే కొత్త ఉత్తరాలు కూడా రావు.

అయితే కాగితాలకు పెద్ద చోటు అక్కర్లేదు. ఒక్కో ఫోటో 4 మెగాబైట్లు అనుకున్నా 5 గిగాబైట్లలో వెయ్యికి పైగా కాగితాలు పడతాయి. చోటు తినేవి పెళ్ళి వీడియోలు. పైగా ఉచితం అన్నది శాశ్వతం కాదు. వన్‌డ్రైవ్ కూడా ఒకప్పుడు 15 ఇచ్చి, 2016లో 5కు తగ్గించింది. అమెజాన్ డ్రైవ్ అనే సదుపాయం 2023 డిసెంబరు 31తో మూతపడింది. కనక ఎంత చోటు ఇస్తారు అనే దానికన్నా, దాచినది మళ్ళీ చేతికి వస్తుందా అని చూడటం ముఖ్యం. ఇందుకు నాలుగు ప్రశ్నలు వేసుకోవాలి.

మొదటిది: పొరపాటున చెరిపేస్తే ఏమవుతుంది? ఫోనునీ క్లౌడ్‌నీ జతచేసి ఉంచినప్పుడు ఇక్కడ చెరిపితే అక్కడా చెరిగిపోతుంది. గూగుల్ డ్రైవ్, వన్‌డ్రైవ్, డ్రాప్‌బాక్స్ ఉచిత ఖాతాల్లో చెరిపిన ఫైలు చెత్తబుట్టలో 30 రోజులు ఉంటుంది. ఆ తరవాత మనకు దొరకదు. కనక జత చేయడం వేరు, విడిగా మరో నకలు దాచడం వేరు అని గుర్తుంచుకోవాలి.

రెండవది: తాళంచెవి పోతే ఎలా? పాస్‌వర్డ్ మరచిపోతే కంపెనీ మన ఫోను నంబరుకే కోడ్ పంపుతుంది. పనికోసం రాష్ట్రం దాటి వెళ్ళి సిమ్ మార్చేవాళ్ళు మనలో ఎందరో. వాడకుండా వదిలేసిన నంబరు కొన్నాళ్ళకు మరొకరికి పోతుంది. కనక నంబరు మార్చిన రోజే ఖాతాలో కూడా మార్చాలి. గూగుల్ ఖాతాకు ముందుగానే కొన్ని అత్యవసర కోడ్‌లు తీసుకోవచ్చు. వాటిని కాగితం మీద రాసి రేషన్ కార్డు దగ్గరే పెట్టుకోండి. మెగా, ప్రోటాన్ డ్రైవ్ లాంటివి ఫైళ్ళను కంపెనీవారు కూడా చదవలేకుండా తాళం వేస్తాయి. అది మంచిదే. కాని అక్కడ పాస్‌వర్డ్, దానితో ఇచ్చే రికవరీ కీ రెండూ పోతే కంపెనీ కూడా ఆ ఫైళ్ళు తెరిచి ఇవ్వలేదు.

మూడవది: మనం లేనప్పుడు ఎవరికి? రెండేళ్ళు అసలే వాడని వ్యక్తిగత ఖాతాను తొలగించవచ్చని గూగుల్ 2023లో నియమం పెట్టింది. ఎప్పుడో ఒకసారి తెరిచి చూస్తుండాలి. మన తరవాత ఖాతా ఎవరికి అందాలో గూగుల్‌లోనూ, ఆపిల్‌లోనూ ముందే పేరు నమోదు చేయవచ్చు. ఇంట్లో ఆ పని చేసి ఉంచితే పిల్లలు ఇబ్బంది పడరు.

నాలుగవది: తిరిగి తెచ్చుకోవడం సులభమేనా? సెకనుకు 2 మెగాబిట్ల వేగంతో 10 గిగాబైట్లు పైకి పంపాలంటే 11 గంటలు పడుతుంది. నెట్ అందని ఊళ్ళో ఉంటే ముందు ముఖ్యమైన కాగితాలు పంపండి, వీడియోలు తరవాత. ఫైళ్ళను పీడీఎఫ్, జేపీజీ రూపాల్లో ఉంచితే రేపు కంపెనీ మారినా ఎక్కడైనా తెరుచుకుంటాయి.

ఇక వ్యాపారం సంగతి. కొట్టు లెక్కలు గుమాస్తా సొంత ఖాతాలో ఉంటే ఆ ఫైళ్ళకు యజమాని అతనే. అతను మానేసి ఖాతా మూసేస్తే లెక్కలూ పోతాయి. వ్యాపారుల కోసం డబ్బు కట్టి తీసుకునే గూగుల్ వర్క్‌స్పేస్, మైక్రోసాఫ్ట్ 365 లాంటి వాటిలో మనిషి మారినా ఫైళ్ళను మరొకరి పేరుకు మార్చే అధికారం కొట్టు యజమాని చేతిలో ఉంటుంది. ఇద్దరు ముగ్గురు పనిచేసే కొట్టుకు ఆ ఖర్చు దండగ కాదు.

ప్రభుత్వ పత్రాలకు 2015లో మొదలైన డిజిలాకర్ ఉంది. ఇందులో ఒక తేడా గమనించాలి. ప్రభుత్వ శాఖ నేరుగా జారీ చేసి అందులో చేర్చిన పత్రానికి అసలు పత్రంతో సమాన హోదా ఉంది. మనం ఫోటో తీసి ఎక్కించుకున్న దానికి ఆ హోదా లేదు. అది నకలు మాత్రమే. అలాగే క్లౌడ్‌లో పెట్టాం కదా అని అసలు దస్తావేజు పారేయకూడదు.

ఎంత పెద్ద కంపెనీ అయినా అదీ ఒక భవనంలోనే ఉంటుంది. 2021 మార్చిలో ఫ్రాన్సులోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ కంపెనీ కంప్యూటర్ల భవనం ఒకటి కాలిపోయింది. వేరే చోట నకలు పెట్టుకోనివాళ్ళ ఫైళ్ళు మళ్ళీ దొరకలేదు. అందుకే నిపుణులు చెప్పే లెక్క ఇది: మూడు నకళ్ళు, రెండు రకాల సాధనాల మీద, అందులో ఒకటి ఇంటికి దూరంగా. ఒకటి ఫోనులో, ఒకటి పెన్‌డ్రైవ్‌లోనో హార్డ్ డిస్కులోనో, ఒకటి క్లౌడ్‌లో ఉంటే సరి.

ఇంకొక్క మాట. మన పిల్లల్లో చాలామంది కన్నడంలోనో, తమిళంలోనో, ఒడియాలోనో, మరాఠీలోనో చదువుకుంటున్నారు. తాతగారి తెలుగు ఉత్తరం ఫోటో తీసి దాచేటప్పుడు దాని పేరు వట్టి అంకెలుగా వదిలేయకండి. అది ఎవరు రాసింది, ఏ ఏడాదిది, ఏ ఊరి నుంచి వచ్చింది అన్నది పిల్లలు చదవగలిగే లిపిలో కూడా రాయండి. ఫైలు ఎంత భద్రంగా ఉన్నా, అదేమిటో తెలియకపోతే వెతుక్కునేవాళ్ళుండరు.

ఈ వారంలో ఒక పని చేయండి. పది ముఖ్యమైన కాగితాలు ఎంచి క్లౌడ్‌లో పెట్టండి. తరవాత మరో ఫోనులో మీ ఖాతా తెరిచి, అవి మళ్ళీ దిగుతాయో లేదో చూడండి. దిగితే మీరు ఎంచుకున్న చోటు మంచిదే. పని పూర్తయ్యాక ఆ ఫోనులో మీ ఖాతా మూసివేయడం మరవకండి.