టోఫెల్ కొత్త రూపము, దాని వెనుకనున్న శాస్త్రము

2026 జనవరి 21వ తేదీతో, ఆంగ్లభాషా సామర్థ్యమును కొలుచు టోఫెల్ పరీక్ష తన స్వరూపమును చాలవరకు మార్చుకొన్నది. 1964లో కాగితము మీద ఆరంభమై, 1998లో కంప్యూటరు మీదికిని, 2005లో ఇంటర్నెట్టు మీదికిని ఎక్కి, 2023లో వ్యవధిని రెండు గంటల లోపునకు కుదించుకొన్న ఈ పరీక్షకు మార్పులు కొత్త కావు. అయినను ఈ పర్యాయము ప్రశ్నల స్వభావము, వాటిని ఎన్నుకొను విధానము, స్కోరు వేయు మానము అను మూడును ఒక్కుమ్మడిగా మారుటచేత, అమెరికా విశ్వవిద్యాలయములకు ప్రయాణము కట్టుచున్న మన తెలుగు విద్యార్థులలో కలవరము పుట్టుట సహజము. సీనియర్లు ఇచ్చిపోయిన నోట్సులును, కోచింగ్ సెంటర్లలో ఏండ్ల తరబడి వల్లె వేయించిన టెంప్లేట్లును ఇపుడు చాలవరకు పనికిరాకుండ పోయినవి. ఇందుకు చింతింపవలసిన పని లేదని నా దృఢాభిప్రాయము. ఏలయన, కొత్త ప్రశ్నలలో పెక్కింటికి మూలమైన సూత్రములు భాషాశాస్త్రమునందును, మనశ్శాస్త్రమునందును, గణితమునందును చిరకాలముగా పరీక్షకు నిలిచినవి, వాటిని గ్రహించిన విద్యార్థికి తాను సాధన చేయవలసినదేదో వేరొకరు చెప్పనక్కరలేకయే తెలియగలదు.

ముందుగా ప్రశ్నలను ఎన్నుకొను విధానమును చూతము. పఠనము, శ్రవణము అను రెండు భాగములును ఇపుడు దశలుగా నడచును. మొదటి దశలో అభ్యర్థి చూపిన సామర్థ్యమును బట్టి తరువాతి దశలో కఠినమైన ప్రశ్నలీయవలయునో, సులభమైనవీయవలయునో యంత్రమే నిర్ణయించును. ఈ గణితమునకు పునాది వేసినవారిలో డెన్మార్కు దేశీయుడైన జార్జ్ రాష్ ముఖ్యుడు. ఒక వ్యక్తి ఒక ప్రశ్నకు సరియైన సమాధానము చెప్పగల సంభావ్యత, ఆ వ్యక్తి సామర్థ్యమునకును ఆ ప్రశ్న కాఠిన్యమునకును గల అంతరము మీదనే ఆధారపడునని 1960లో వెలువడిన తన గ్రంథమున ఆయన ప్రతిపాదించెను. ఆ రెండును సమానమైనపుడు సంభావ్యత సరిగా సగము. ఒక ప్రశ్న అభ్యర్థిని గురించి మనకెంత సమాచారమిచ్చునో తెలియుటకు, ఒప్పగు సంభావ్యతను తప్పగు సంభావ్యతతో గుణింపవలయును. సగమును సగముతో గుణించిన 0.25 వచ్చును, నూటికి తొంబది పాళ్లు ఒప్పు చెప్పగల సులభమైన ప్రశ్నకైనచో 0.9ని 0.1తో గుణించిన 0.09 మాత్రమే. అనగా, సరియైన కాఠిన్యము గల ఒక్క ప్రశ్న తెలుపు సంగతిని తెలుపుటకు అట్టి తేలిక ప్రశ్నలు మూడు కావలయును. మించిన కాఠిన్యము గల ప్రశ్నల గతియు ఇంతియే. పరీక్ష కురుచయైనను కొలత చెడకుండుటకు కారణమిదియే.

దీనినుండి అభ్యర్థి గ్రహింపవలసినది ఒకటి కలదు. రెండవ దశలో ప్రశ్నలు బరువెక్కినవని గుండె జారవిడువరాదు. అది మొదటి దశ చక్కగా సాగినదనుటకే గుర్తు. మొదటి దశలో మాత్రము తొందరపాటు ఎంతమాత్రము తగదు. అక్కడ అజాగ్రత్తవలన తేలిక ప్రశ్నల వైపునకు మళ్లినవానికి పై స్థాయి స్కోరు అందుట దుర్ఘటము.

పఠన భాగమున కొత్తగా వచ్చినవాటిలో నన్ను మిక్కిలి ఆకర్షించినది, పదముల చివరి అక్షరములు లోపించిన చిన్న పేరాను పూరించు ప్రశ్న. దీని వంశవృక్షము గొప్పది. 1951లో క్లాడ్ షానన్ ఆంగ్ల వాక్యములను ఒక్కొక్క అక్షరముగా మనుష్యులచేత ఊహింపజేసి, వ్రాతలో అధికభాగము దాని ముందున్నదానిని బట్టి ఊహింపదగినదే యని నిరూపించెను. 1953లో విల్సన్ టేలర్ పాఠమునుండి పదములను తొలగించి చదువరులచేత పూరింపజేసెను. తరువాత 1981లో జర్మనీలో క్లైన్-బ్రేలీ, రాట్స్ అను పరిశోధకులు ప్రతి రెండవ పదమునకును ఉత్తరార్ధమును మాత్రమే తొలగించు పద్ధతిని కల్పించిరి. “వానలు విస్తారముగా కురియుటచేత ఊరి చెరువు నిం... అలుగు పా...” అని వ్రాసి చూపినచో, నిండి యనియు పారినది యనియు పూరించుటకు తెలుగువాడు క్షణమైనను ఆలోచింపడు. భాష వచ్చినవాడు చదువునపుడు కన్నులకంటె ఒక అడుగు ముందుగా మనస్సు నడచుచుండును. ఆంగ్లమున బహువచన ప్రత్యయములును, భూతకాల ప్రత్యయములును పదముల చివరనే యుండుటచేత, తోక తెగిన పదమును పూరించుట పదసంపదను మాత్రమేగాక వ్యాకరణమును కూడ బయటపెట్టును. పదముల పట్టికలను వల్లించి ఈ శక్తిని సంపాదించుట అసాధ్యము. శాస్త్రవిషయములను, నిత్యవ్యవహారములను గూర్చిన సరళమైన గద్యమును ప్రతిదినమును చదువవలయును; చదివిన పేరాలలో ఒకదానిని వ్రాసికొని, పదముల తోకలను తుడిచివేసి, రెండు దినముల తరువాత తానే పూరించుకొనవలయును.

సంభాషణ భాగమున, ఏడు వాక్యములను ఒక్కొక్కటిగా వినిపించి యథాతథముగా తిరిగి చెప్పుమందురు. ఇది పసిపిల్లల చిలుకపలుకుల పరీక్ష యని కొందరు తేలికగా తీసికొనుచున్నారు; అది పొరపాటు. స్వల్పకాలిక స్మృతిలో ఒక్కమారుగా ఏడు, లేదా దానికి అటునిటుగా అంశములే నిలుచునని 1956లో జార్జ్ మిల్లర్ వ్రాసెను. అయితే ఆ అంశము ఒక ధ్వని కావచ్చును, ఒక పదము కావచ్చును, పదబంధమే కావచ్చునని కూడ ఆయన చెప్పెను. పొట్టి వాక్యమును ధ్వనిగానే పట్టి యుంచుకొని పలుకవచ్చును. వాక్యము పొడవైనకొలది ధ్వనులు జారిపోవును. అపుడు వక్త అర్థమును గ్రహించి, తన వ్యాకరణముతో ఆ వాక్యమును మరల నిర్మించుకొనక తప్పదు. ఎవని వ్యాకరణమున ఎచ్చట లోపమున్నదో అచ్చటనే వాక్యము విరుగును. “షి హాజ్ ఆల్రెడీ రిటర్న్‌డ్ ది బుక్స్” అని విన్న మన విద్యార్థి “షి ఆల్రెడీ రిటర్న్ ది బుక్” అని పలుకుట కలదు. అర్థము చేరినది, హాజ్ పోయినది, చివరి డ, స కారములు రాలినవి. అచ్చులతో ముగియు పదములకు అలవాటుపడిన మన నాలుకకు, పదాంతమున హల్లులు గుమిగూడినచోట ఒక హల్లును విడుచుటయో, ఒక ఉకారమును తగిలించుటయో స్వాభావికము. కావున, పాఠమును చూడక వాక్యమును విని, తిరిగి చెప్పి, దానిని ఫోనులో రికార్డు చేసికొని, పిదప పాఠముతో సరిచూచుకొని, ఏ చిన్న పదము జారినదో ఏ ప్రత్యయము రాలినదో ఎర్రసిరాతో గుర్తుపెట్టుకొనుట మేలు. కొన్నాళ్లకు ఆ ఎర్రగుర్తులు ఒకే రెండు మూడు చోట్లకు చేరును. ఆ విద్యార్థికి అదియే అసలైన సిలబసు.

వ్రాత భాగమున, చెదరిన పదములను వాక్యముగా కూర్చుమందురు. ఇచ్చట మనవారికి పరోక్ష ప్రశ్న పెద్ద చిక్కు. “లైబ్రరీ ఎక్కడ ఉన్నది?” అనునది “లైబ్రరీ ఎక్కడ ఉన్నదో చెప్పగలరా?” అని మారునపుడు తెలుగున ఒక్క ఓకారము చేరును గాని పదక్రమము చెదరదు. ఆంగ్లమున “వేర్ ఈజ్ ది లైబ్రరీ” అనునది “వేర్ ది లైబ్రరీ ఈజ్” అని తలక్రిందులగును. ఈ ఒక్క సంగతిని నాలుకకు పట్టువరకు సాధన చేసినవాని శ్రమ వృథా పోదు.

మరల సంభాషణ భాగమునకు వచ్చినచో, అందలి ముఖాముఖి ప్రశ్నలు నాలుగు. ఆలోచించుకొను వ్యవధి లేదు. ఒక్కొక్క దానికి 45 సెకండ్లు. వెనుక 15 మొదలు 30 సెకండ్ల వరకు దొరకిన వ్యవధిలో టెంప్లేటును జ్ఞాపకము చేసికొనువారికి ఇపుడు అవకాశము లేకపోయినది. తన మాటలతో తన ఊరిని గురించి, తన చదువును గురించి ఎవరో ఒకరితో ఆంగ్లమున ప్రతిదినమును మాటాడుటయే దీనికి తగిన సాధన.

మాక్ టెస్టుల విషయమున ఒక మాట. రోడిగర్, కార్పికీ అను మనశ్శాస్త్రజ్ఞులు 2006లో ప్రకటించిన ప్రయోగమున, పాఠమును మరల మరల చదివినవారు ఐదు నిమిషముల తరువాత పెట్టిన పరీక్షలో ముందుండిరి. వారము గడచిన పిదప మాత్రము, చదువుట తగ్గించి జ్ఞాపకము చేసికొని వ్రాసినవారే మించిరి. అందుచేత మాదిరి ప్రశ్నలను చదివి తృప్తిపడుటకంటె, పుస్తకము మూసి ప్రయత్నించుట మేలు. అయితే దినమునకొక మాక్ టెస్టు వ్రాసి స్కోరు చూచుకొని పడుకొనువానికి దానివలన లాభము స్వల్పము. ఒక టెస్టు వ్రాసి, దాని తప్పులతో వారము దినములు గడుపువానికి అధికము.

స్కోరు ఇపుడు 1 మొదలు 6 వరకు అరపాయింటు చొప్పున పెరుగును. 2001లో ఐరోపా మండలి ప్రకటించిన ఆరు భాషాస్థాయులకు ఇది సరిపోవునట్లు కూర్చబడినది. సంధికాలమున రెండేండ్లపాటు, వెనుకటి 120 మానమునకు సమానమైన స్కోరును కూడ ఫలితముపై చూపుదురు. ఇందు ఒక మెలకువ అవసరము. మొత్తము స్కోరు నాలుగు భాగముల సగటు గనుక, పఠనమున గల బలము సంభాషణలోని బలహీనతను కప్పివేయవచ్చును. కాని అమెరికాలో అనేక విశ్వవిద్యాలయములు బోధనా సహాయక పదవికి సంభాషణ భాగమున వేరుగా కనీస స్కోరును నిర్ణయించియున్నవి. ఆ పదవి వేతనము మీద ఆశ పెట్టుకొన్న విద్యార్థి, తాను కోరిన విభాగము ఏ భాగమునకు ఎంత అడుగుచున్నదో, ఏ మానములో అడుగుచున్నదో ఆ విభాగపు నిబంధనలలో ముందే చూచుకొని, తన సాధన దినములను దానిని బట్టి పంచుకొనవలయును.