పిల్లలకు జ్వరం, ఒంటి నిండా దద్దుర్లా? అమ్మవారు అని ఆగిపోవద్దు.. అసలు ముప్పు దద్దుర్లు తగ్గాకే!

పిల్ల ఒళ్లు కాలిపోతోంది. ముక్కు కారుతోంది, దగ్గు ఆగడం లేదు. కళ్లు ఎర్రబడి నీళ్లు కారుతున్నాయి, లైట్ వేస్తే చూడలేకపోతోంది. నాలుగో రోజు చెవుల వెనక, నుదుటి మీద ఎర్రటి మచ్చలు.. మర్నాటికి ముఖం నుంచి ఛాతీ మీదకి దిగాయి. ఇంట్లో పెద్దవాళ్ల మాట ఒక్కటే.. 'అమ్మవారు పోసింది'. అంతే! గుమ్మానికి వేపాకు, వంటింట్లో తాలింపు బంద్, డాక్టర్ దగ్గరికి వెళ్లడం వాయిదా.

విజయవాడ గవర్నర్‌పేటలో ఆస్పత్రులకు, మందుల షాపులకు కొదవ లేదు. పాత ప్రభుత్వాసుపత్రి పక్కనే హనుమాన్‌పేటలో ఉంది. ఆలస్యం దూరం వల్ల కాదు, ఇంట్లోనే జరుగుతోంది.

జ్వరం, దగ్గు, ఎర్రకళ్లు, ఆ తర్వాత పైనుంచి కిందికి దద్దుర్లు.. ఈ వరసలో వస్తే ముందు అనుమానించాల్సింది తట్టునే. కొన్నిచోట్ల పొంగు అంటారు, డాక్టర్లు మీజిల్స్ అంటారు. ఇది వైరస్. దద్దుర్లకు ఒకట్రెండు రోజుల ముందు బుగ్గల లోపలివైపు ఉప్పు రవ్వల్లాంటి తెల్లటి చుక్కలు కనిపిస్తే దాదాపు ఖాయమే. ఆటలమ్మ అయితే నీటి పొక్కులు లేస్తాయి. డెంగీలో ఒళ్లునొప్పులు ఎక్కువ, ఇలా ముక్కు కారడం, దగ్గు అంతగా ఉండవు. చూసి తేల్చడం కష్టమే, రక్తపరీక్షతో తేలుతుంది.

తట్టు అంటుకునే వేగం మామూలుది కాదు. టీకా పడని పది మంది పిల్లలు దగ్గరగా మసిలితే తొమ్మిది మందికి రావచ్చు. రోగి వెళ్లిపోయాక కూడా ఆ గదిలో గాలిలో వైరస్ రెండు గంటల దాకా ఉంటుంది. దద్దుర్లకు నాలుగు రోజుల ముందు నుంచి, వచ్చాక నాలుగు రోజుల దాకా ఇతరులకు అంటుతుంది. అందుకే క్లినిక్‌కి వెళ్లేముందు ఫోన్ చేసి చెప్పండి. నెలల పిల్లలతో కిటకిటలాడే ఓపీ హాల్లో గంటసేపు కూర్చోబెట్టడం అస్సలు మంచిది కాదు.

మరి వైద్యం ఏంటి? వైరస్‌ని చంపే మందు లేదు. జ్వరానికి బరువును బట్టి పారాసిటమాల్, ఆస్పిరిన్ మాత్రం వద్దు. మందుల షాపులో అడిగి యాంటీబయాటిక్ వేసేయడం దండగ.. డాక్టర్ ఇన్ఫెక్షన్ చూసి రాస్తేనే వాడాలి. చాలామందికి తెలియనిది విటమిన్ ఎ. తట్టు వచ్చిన పిల్లలకు వరుసగా రెండు రోజులు వయసును బట్టి డోసు ఇస్తారు. ఏడాది దాటితే రోజుకు 2 లక్షల యూనిట్లు, 6 నుంచి 11 నెలలకు లక్ష, అంతకన్నా చిన్నవాళ్లకు 50 వేలు. కంటిచూపును, ప్రాణాన్ని కాపాడేది ఇదే. డాక్టర్ ఇవ్వకపోతే అడగండి. ఇంట్లో సొంతంగా మాత్రం వేయొద్దు.

వేపాకు పక్కన పెట్టుకుంటే నష్టం లేదు. తిండి ఆపేస్తేనే నష్టం. తట్టుతో పిల్లలు చిక్కిపోతారు, వాళ్లకు పప్పు, గుడ్డు, పాలు కావాలి. చంటిబిడ్డకు తల్లిపాలు ఆపకూడదు. కళ్లలో పసర్లు, పాలు పోయొద్దు. అమ్మవారికి నీళ్లు పోసే రోజుదాకా ఒళ్లు తుడవకుండా ఉంచాల్సిన పనీ లేదు.

ఇక అసలు విషయం. ఐదారు రోజులకు దద్దుర్లు నల్లబడి పొట్టు రాలుతాయి. 'తల్లి చల్లబడింది' అని ఇంట్లో ఊపిరి పీల్చుకుంటారు. నిమోనియా, విరేచనాలు, చెవిలో చీము కాచుకుని ఉండేది అప్పుడే. పిల్లల ప్రాణాలు తీసేది ఎక్కువగా నిమోనియానే. పైగా పాత జబ్బులపై ఒంట్లో ఉన్న రక్షణను కూడా ఈ వైరస్ తుడిచేస్తుంది, అందుకే కొన్ని నెలలపాటు ఏదో ఒకటి అంటుకుంటూనే ఉంటుంది. తగ్గిన జ్వరం మళ్లీ తిరగబెట్టినా, ఊపిరి తీసుకుంటే డొక్కలు ఎగరేస్తున్నా, ఏమీ తాగకపోయినా, మగతగా ఉన్నా, ఫిట్స్ వచ్చినా, కంటిలో తెల్లమచ్చ కనిపించినా తెల్లారేదాకా ఆగొద్దు. ఏడాది దాటిన పిల్లలు నిమిషానికి 40 సార్లు, అంతకన్నా చిన్నవాళ్లు 50 సార్లు ఊపిరి తీస్తున్నారంటే వెంటనే 108కి ఫోన్ చేయాలి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2023లోనూ తట్టుతో లక్ష మందికి పైగా చనిపోయారు. ఎక్కువమంది ఐదేళ్లలోపు వాళ్లే. టీకా లేక కాదు, పడక! ఆంధ్రప్రదేశ్‌లో 2017 ఆగస్టులో 9 నెలల నుంచి 15 ఏళ్లలోపు అందరికీ ప్రత్యేకంగా ఎంఆర్ టీకా వేశారు. ఆ తర్వాత పుట్టిన పిల్లలకు మామూలు షెడ్యూలే ఆధారం. మొదటి డోసు 9 నుంచి 12 నెలల మధ్య, రెండోది 16 నుంచి 24 నెలల మధ్య. రెండోదాన్నే చాలామంది మర్చిపోతుంటారు. ఇంటి పక్కన తట్టు వచ్చిందా? టీకా పడని పిల్లలకు 72 గంటల్లోపు వేయిస్తే చాలావరకు తప్పించుకోవచ్చు. కార్డు పోయినా పర్వాలేదు.. ఏఎన్ఎంని గానీ, ఆశా కార్యకర్తని గానీ అడిగితే ఏ డోసు బాకీ ఉందో చూసి చెబుతారు. ప్రభుత్వ కేంద్రాల్లో ఈ టీకా ఉచితం.