అటు చదివినా, ఇటు చదివినా

గ్రంథాలయోద్యోగి అనగానే జనానికి స్ఫురించేవి మూడే: ముక్కు మీద కళ్ళజోడు, పెదవుల మీద చూపుడువేలు, "ఉష్!" అనే శబ్దం. వీటిలో నాకు నిజంగా ఉన్నది కళ్ళజోడు ఒక్కటే. నల్గొండ జిల్లాలో ఒక చిన్న ఊరి గ్రంథాలయంలో ఇరవైయ్యేళ్ళ పైచిలుకుగా పుస్తకాలిచ్చి పుచ్చుకుంటున్నాను. నిశ్శబ్దం కోసం ఎవరినీ గద్దించవలసిన అవసరం నాకింతవరకు కలగలేదు. మా పంకాలు చేసే రొదలో ఎవరేమన్నా ఎవరికీ వినపడదు మరి!

ఈ ఉద్యోగంలో పొద్దు పోవడం కష్టమని కొందరు నన్ను చూసి జాలిపడుతుంటారు. వారికి నా కాలక్షేపాలు తెలియవు.

మొదటిది అంకెల వేడుక. 1876లో అమెరికాలో మెల్విల్ డ్యూయీ అనే ఆయన ప్రపంచంలోని విద్యలన్నిటినీ పది గంపల్లోకెత్తి, వాటికి నంబర్లు వేసి వెళ్ళాడు. ఆ లెక్కన ఖగోళశాస్త్రం 520, జ్యోతిషం 133.5. రెండింటికీ నడుమ నాలుగు బీరువాల దూరం. ఆకాశం ఒక్కటే గదా, ఇంత ఎడమెందుకని పంచాంగం చూసే పెద్దాయన ఒకరు నాతో ఏటా ఉగాది ముందు తగవు పడతారు. ఇంగ్లీషు సాహిత్యానికి 820 అని గుండ్రని అంకె ఇచ్చిన ఆ లెక్కలో మన తెలుగు సాహిత్యం 894.827. నన్నయ మొదలు నిన్నటి కవి దాకా అందరమూ చుక్కకు ఇవతల, మూడో అంకె మీద కూర్చున్నాం. ఈ సంగతి తలచుకున్నప్పుడల్లా కాస్త ఉడుకుమోత్తనం వస్తుంది గాని, మా ఇంట్లో మాత్రం డ్యూయీ గారికి మంచి గౌరవమే ఉంది. వంట పుస్తకాల అంకె 641.5 అని ఒకసారి నోరు జారాను. అప్పటి నుంచి మా శ్రీమతి "ఆరు వందల నలభై ఒకటిలో ఉప్పు నిండుకుంది" అని కబురు పంపుతుంది.

రెండవది చెవుల వేడుక. ఒక పిల్లవాడు వచ్చి, "సార్, చాయ్ సోమేశ్వరం బుక్కు ఉన్నదా?" అన్నాడు. పానగల్లులో కందూరు చోడుల కాలం నాటి ఛాయా సోమేశ్వరాలయం ఉంది. పొద్దంతా కదలని స్తంభపు నీడ శివలింగం వెనుక పడుతుంది. ఆ ఛాయను బట్టే పేరు. నేనిదంతా వివరించాను. వాడు శ్రద్ధగా విని, "అయితే అక్కడ చాయ్ దొరకదా సార్?" అన్నాడు.

మరోసారి ఒక పంతులమ్మగారు పిల్లలకు చూపించడానికి పిల్లలమర్రి బొమ్మ కావాలన్నారు. సూర్యాపేట పక్కనున్న పిల్లలమర్రి గుడుల బొమ్మ తీసిచ్చాను. "అయ్యో, నాకు చెట్టు కావాలండీ" అన్నారావిడ. మహబూబ్‌నగర్ దగ్గరి ఊడలమర్రి అన్నమాట! ఒకచోట పిల్లలమర్రి అంటే చెట్టు, ఇంకొకచోట ఊరు. బీరువాలో వాటిని కలవకుండా చూసుకోగలను గాని, మాటలో ఎలా?

ఇక మూడవది, అసలైనది, నా నల్ల అట్ట నోటుబుక్కు. ఎడమ నుంచి చదివినా కుడి నుంచి చదివినా ఒకేలా ఉండే మాటలన్నీ అందులో ఎక్కిస్తాను. "వికటకవి" మీకందరికీ తెలిసిందే. ఇంగ్లీషువారు ఈ ఆట ఒక్కొక్క లెటరు చొప్పున ఆడతారు. మనం గుణింతంతో సహా పూర్తి అక్షరాన్ని లెక్కిస్తాం. మన పూర్వకవులకు ఇలాంటివి గడ్డిపోచ. అటు చదివితే ఒక అర్థం, తిరగేస్తే ఇంకొక అర్థం వచ్చేలా పద్యాలల్లారు. పింగళి సూరన పదహారవ శతాబ్దంలో "రాఘవ పాండవీయం" అంటూ ఒకే పద్యాలలో రామాయణాన్నీ భారతాన్నీ నడిపించాడు. నా బోటివాడికి మూడక్షరాల మాట దొరికితే పండుగే. నయన, నటన, మహిమ, కనక, జలజ ఇవన్నీ సంస్కృతపు సొమ్ము. పులుపు, కునుకు, కులుకు అచ్చంగా మనవి. టమాట ఎక్కడినుంచో వచ్చి పులుపు పక్కన చేరింది.

ఈ పిచ్చి నాతో ఆగలేదు. కొత్త మాట తెచ్చినవారికి నా ఖర్చుతో ఒక చాయ్ అని ప్రకటించాను. పేపరు కోసం వచ్చే రిటైరయిన బస్సు కండక్టరు తాత వారానికొక మాట తెస్తారు; సగానికి సగం చెల్లవు, చాయ్ మాత్రం వదలరు. అన్నిటిలోకి నాకిష్టమైన మాట మా గ్రంథాలయం ఊడ్చే అమ్మ ఇచ్చింది. చీపురు గోడకానించి, "మునుము రాసినవా సారూ?" అన్నది. పొలంలో కూలీలు వరుసగా నిలబడి పట్టుకుపోయే సాలు మునుము. ఎన్ని నిఘంటువులు తిరగేసినవాణ్ణి, పక్కనే ఉన్న మాట నాకు తట్టలేదు!

లోటు ఒక్కటే ఉండిపోయింది. మా జిల్లా పేరు మీద ఒక్క మాటా దొరకలేదు. "నల్గొండ" తిరగేస్తే నోరు తిరగదు. పాత పేరు "నీలగిరి". షబ్నవీసు వెంకటరామ నరసింహారావుగారు 1922లో ఇక్కడ పెట్టిన పత్రిక పేరు కూడా "నీలగిరి"యే. అదీ తిరగబడలేదు.

ఇప్పుడొక కుర్రవాడి సంగతి చెప్పాలి. మా గ్రంథాలయంలో ఈ రోజుల్లో కుర్చీలన్నీ పోటీ పరీక్షల పిల్లలవే. తెరవకముందే గేటు దగ్గర నిలబడతారు, సద్దిడబ్బా తెచ్చుకుంటారు, రాత్రి తాళం వేసేదాకా కదలరు. పుస్తకాలు మావి కావు, వాళ్ళవే; మావి బల్లలూ కరెంటూ. వాళ్ళలో ఒకడు నాలుగేళ్ళు కిటికీ పక్క కుర్చీలో కూర్చున్నాడు. ఒకనాడు ఊరికే మాట కలిపి, "వట్టికోట ఆళ్వారుస్వామి ఎవరోయ్?" అన్నాను.

"దేశోద్ధారక గ్రంథమాల సార్. 1938, సికింద్రాబాదు. పుస్తకాలు నెత్తిన పెట్టుకొని ఊరూరా అమ్మిండు. ప్రజల మనిషి, గంగు."

"మన జిల్లావాడే. వంటపని చేసి, హోటల్లో సర్వరుగా చేసి అంతటివాడయ్యాడు. 'ప్రజల మనిషి' చదివావా?"

"చదివేటిది బిట్లల్ల రాదు సార్," అన్నాడు.

ఆ ఏడు చినిగిన పుస్తకాలను కొట్టివేసే జాబితా రాస్తున్నాను. మా "ప్రజల మనిషి" ప్రతి అందులోకి రావలసిందే. అట్ట లేదు, చివరి ముద్ర 2009 నాటిది. నంబరు వేశాను, కొట్టేశాను, మళ్ళీ వేశాను. ఇంతలో పరీక్ష ఫలితాలొచ్చాయి. కిటికీ పక్క కుర్చీ పన్నెండు రోజులు ఖాళీ.

పదమూడోనాడు వచ్చాడు. సభ్యత్వపు కార్డు బల్ల మీద పెట్టి, "డిపాజిట్టు వాపసు ఇయ్యండి సార్. హైదరాబాదు పోతున్న," అన్నాడు. రెండు మార్కులకు పోయిందట. ముఖం చూడలేకపోయాను. ఏమనాలో తోచక అబద్ధమాడాను. "కనీసం ఒక్క పుస్తకమైనా ఇంటికి తీసుకుపోయి తిరిగి ఇచ్చినవారికే డిపాజిట్టు వాపసు. రూలు." చేతికందిన అట్టలేని పుస్తకం మీద ముద్ర వేసి ఇచ్చాను. కోపంగా సంచిలో పడేసుకుని వెళ్ళాడు. ఆ రాత్రి నాకు కునుకు పట్టలేదు. పిల్లవాడు అసలే దిగులులో ఉన్నాడు, నేను నియమాలు కల్పిస్తానా అని మా శ్రీమతి కూడా కోప్పడింది.

తొమ్మిదోనాడు పుస్తకం తిరిగొచ్చింది. దానికి కొత్తగా అట్ట వేసి ఉంది; పాత మోడల్ పేపరు కాగితంతో, మైదాపిండి అంటించి.

"సార్, మీరు చెప్పిన రూలు ఏడ రాసున్నది?"

"నా నోటుబుక్కులో."

నవ్వలేదు. కాసేపు బల్ల మీద వేలితో గీతలు గీశాడు. "గా దొర, గా వెట్టి... మా తాత గిట్లనే చెప్పేటోడు సార్. నేను ఇనకపోతుంటి," అని ఆగి, "గంగు ఉన్నదా?" అన్నాడు.

బీరువా తాళం తీస్తుంటే వెనకనుంచి మళ్ళీ, "సార్, మీ నోటుబుక్కుల 'నల్లన' ఉన్నదా?" అన్నాడు.

నేను వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాను. న, ల్ల, న. నల్లని కొండ కింద పుట్టి పెరిగి, ఇరవైయేళ్ళు వెతికినవాణ్ణి!

డిపాజిట్టు మాట ఆ రోజు అతడెత్తలేదు, నేనూ ఎత్తలేదు. జాబితాలో ఆ నంబరు మీద సిరా గీత గట్టిగా గీసి, ఇద్దరం ఎదురు కొట్టుకు వెళ్ళాం. పాలు విరిగాయని కొట్టతను చేతులెత్తేస్తే, పాలు లేకుండానే పోయమన్నాను. నల్లన!